ఫాంటమ్‌ను విద్యార్థుల చేతే చేయించు

అమ్మాయీ,

అల్ట్రాసౌండ్ నేర్పే బాధ్యత నీకు అప్పగించారనీ, సిమ్యులేటర్ కొనడానికి నిధులు లేవనీ రాశావు. దిగులుపడకు. తొలి నెలల్లో విద్యార్థికి పట్టుబడవలసినవి రెండు: ప్రోబ్ (చర్మంమీద ఆనించే అల్ట్రాసౌండ్ పరికరం) కాస్త వంగితే తెరమీద ఏం మారుతుందో చేతికి తెలియడం, తెర చూస్తూ పొడిచే సూది మొన ఎక్కడుందో క్షణం కూడా మరవకపోవడం. రెండింటికీ జెలటిన్ ముద్దతో చేసిన ఫాంటమ్, అంటే శరీరానికి బదులు వాడే నమూనా, సరిపోతుంది.

లీటరు నీటికి సుమారు 100 గ్రాముల జెలటిన్ తీసుకో. చల్లటి నీటిలో నానబెట్టి, తర్వాత మరగనివ్వకుండా వేడిచేసి కరిగించు. ఉత్త జెలటిన్‌లో ధ్వనిని చెదరగొట్టే రేణువులు ఉండవు కనుక తెరమీద నల్లగా కనిపిస్తుంది. కొద్దిగా ఇసబ్గోల్ పొట్టు కలిపితే కణజాలంలాంటి బూడిదరంగు వస్తుంది. పొట్టు పడగానే చిక్కబడుతుంది, త్వరగా కలపాలి. ముదురు రంగు కూడా వెయ్యి, లేకపోతే విద్యార్థి తెరను వదిలేసి లోపలున్న దాన్ని కంటితోనే చూస్తాడు. నురుగంతా తీసెయ్యాలి. చిన్న గాలి బుడగ ఉన్నా దాని కిందిది కనపడదు.

రక్తనాళం కోసం పలుచని రబ్బరు గొట్టాన్ని అచ్చులో అడ్డంగా పెట్టి, రెండు చివర్లూ బయటికి వదులు. నీరు వదులుగా నింపితే ప్రోబ్‌తో నొక్కినప్పుడు సిరలా అణుగుతుంది. బిగువుగా నింపి చివర్లు కట్టేస్తే ధమనిలా నిలుస్తుంది.

ఇదంతా నువ్వు చేసిపెట్టకు. మొదట్లో నేను ఆ పొరపాటు చేశాను. తయారైన దిమ్మెను ముందుపెడితే మూడోరోజుకల్లా అందరూ గురి తప్పకుండా పొడిచేవారు. దిమ్మె మార్చగానే తడబడ్డారు. వాళ్లు నేర్చుకున్నది ఆ ఒక్క దిమ్మె పటాన్ని! అప్పటినుంచి ఒక జట్టు దిమ్మెలో దాచింది మరో జట్టు వెతకాలని నియమం పెట్టాను. తాము వదిలిన బుడగ నీడను తామే చూసినవాళ్లకు, దిమ్మెలో దాచిన నీటి బెలూను వెనక తెల్లగా మెరిసేది ఎందుకో తెలుసుకున్నవాళ్లకు భౌతికశాస్త్రం మళ్లీ చెప్పనక్కరలేదు.

సూది విషయంలో ఒక్క మాట. ప్రోబ్‌ను సూదికి అడ్డంగా పెట్టి పొడిచేటప్పుడు తెరమీద మెరిసే చుక్క సూదిలో ఏ భాగమైనా కావచ్చు. అది మొనే అనుకుని ముందుకు తోస్తే నాళం వెనక గోడ దాటిపోతుంది. ఒకసారికి ప్రోబ్‌గానీ సూదిగానీ, ఒక్కటే కదలాలని పట్టుబట్టు.

కంప్యూటర్‌కు కలిపే నకిలీ ప్రోబ్‌లు చవకగా దొరికితే తీసుకో, జబ్బుల బొమ్మలు జెలటిన్‌లో దొరకవు కదా. అయితే లోపల ఏ సెన్సర్ ఉందో అడుగు. వంపునూ తిప్పడాన్నీ మాత్రమే గుర్తించే రకమైతే, ప్రోబ్‌ను చర్మంమీద జరిపి సరైన చోటు వెతకడం దానితో అలవడదు. చేతి ఒత్తిడీ తెలియదు. ప్రోగ్రామింగ్ వచ్చిన వాళ్లు తోడుంటే, వైద్య చిత్రాలను చూపే, ఉచితంగా దొరికే 3డీ స్లైసర్ సాఫ్ట్‌వేర్‌తో అలాంటిదాన్ని సొంతంగా ప్రయత్నించవచ్చు. దానికి ఓపిక కావాలి, మొదటి ఏడాది జోలికి వెళ్లకు.

జెలటిన్ వెచ్చదనానికి కరుగుతుంది, నాలుగు రోజులకు బూజు పడుతుంది, కాబట్టి ఫ్రిజ్‌లో ఉంచు. సూది దారులు ఎక్కువైతే కరిగించి మళ్లీ అచ్చులో పొయ్యి. సముద్రపు నాచునుంచి తీసే అగర్ వేడికి నిలుస్తుంది కానీ సూదికి పగులుతుంది. ప్రోబ్‌కు తొడుగు వెయ్యి. ఫాంటమ్‌కు వాడిన సూదులు రోగుల గదిలోకి రాకుండా వేరే పెట్టెలో పెట్టు.

సహజమైన శరీర నిర్మాణం కోసం విద్యార్థులు ఒకరినొకరు స్కాన్ చేసుకోవచ్చు, ఇష్టపడితేనే. ఆ పని మొదలుపెట్టకముందే ఒకటి తేల్చుకో: ఎవరిలోనైనా అనుకోకుండా ఏదైనా కనిపిస్తే, ఎవరు చెప్పాలి, ఎవరి దగ్గరికి పంపాలి అన్నది. ఈ సంగతి రాసి, అందరి సంతకాలూ తీసుకున్నాకే ప్రోబ్ చేతికివ్వు.

ఆశీస్సులతో,
మీ పాత మాస్టారు