టెక్ సందేహాలు: వాపు రాజోలులో, ఓటీపీ కువైట్‌లో

ప్రశ్న: మా అత్తయ్యగారికి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి మూడేళ్లయింది. విశాఖలో చూపిస్తున్నాం. చిన్నచిన్న అనుమానాలు ఇకమీదట ఆసుపత్రి యాప్‌లోనే అడగమన్నారు. తీరా తెరిస్తే ఓటీపీ కువైట్‌లో ఉన్న మావారి నంబరుకు వెళ్తోంది. ఆయన డ్యూటీ దిగి చూసుకునేసరికి గడువు అయిపోతోంది. పైగా చెయ్యి వాచిన సంగతి కొడుక్కి తెలియనివ్వద్దని ఆవిడ పట్టు. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, రాజోలు

యాప్ తీసేసి మళ్లీ వేసుకునే ఉంటారు. లాభం ఉండదండీ. మొదటిసారి పేరు రాయించిన రోజు ఎవరి నంబరు చెప్పారో, తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. కోనసీమలో ఇది చాలా ఇళ్లలో ఉన్నదే. డబ్బు గల్ఫ్ నుంచి వస్తుంది కాబట్టి నంబరూ అక్కడున్న మనిషిదే ఇస్తాం. ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్‌కి ఫోన్ చేసి, అత్తయ్యగారి సొంత నంబరు పెట్టించండి. కుదరదంటే వచ్చే చెకప్‌లో మొదటి పని అదే. ఆవిడది బటన్ ఫోనైనా ఓటీపీ మామూలు మెసేజ్‌గా వచ్చేస్తుంది, యాప్ మీ ఫోన్‌లో ఉంటే చాలు. పాత నంబరు తీసేయమని గట్టిగా చెప్పండి. లేదంటే ఆవిడ రాసింది కొడుక్కీ కనబడొచ్చు.

ఆధార్‌కు కలిపిన ఫోన్ నంబరు వేరే సంగతి. ఆరోగ్య రికార్డులు దాచుకునే ప్రభుత్వ డిజిటల్ ఖాతా, 14 అంకెల ఆభా, ఆధార్‌తో తెరవాలంటే ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది. ఆ నంబరు మార్పించడానికి మీ పోస్ట్‌మ్యాన్‌ను అడిగి చూడండి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ 2021లో ఈ సేవను ఇంటి గుమ్మానికే తెచ్చింది.

టైపింగ్ టెన్షన్ వద్దు. గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌లో తెలుగు పెట్టి మైక్ నొక్కి, ఆవిడ చేతనే మాట్లాడించండి. ‘పది రోజులుగా గాజులు ఎక్కడం లేదు’ అంటే చాలు, డాక్టరుకి విషయం అందుతుంది. అయితే వాచినచోట ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా యాప్‌లో జవాబు కోసం కూర్చోవద్దు, ఆ రోజే దగ్గర్లోని డాక్టరుకి చూపించండి.

ఫోన్ నంబరు రాసేచోట రోగికో గడి, తోడొచ్చినవాళ్లకో గడి విడిగా పెట్టడం సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఎంతసేపు పని? అలా పెట్టకపోవడం నాకు బద్ధకంగానే కనిపిస్తుంది.

ప్రశ్న: రిపోర్టులు వాట్సాప్‌లో పంపితే అక్షరాలు కనబడట్లేదంటున్నారు.
- ముమ్మిడివరం

ఫొటోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది. అటాచ్ గుర్తు నొక్కి ‘డాక్యుమెంట్’గా పంపండి. సీటీ ఫిల్మ్‌ను ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని తీసిన ఫొటోలు మా బంధువులూ నాకు పంపుతుంటారు. వాటిలో స్పష్టంగా కనబడేది ట్యూబ్‌లైటే. స్కాన్ సెంటర్‌లో సీడీ గానీ లింకు గానీ అడగండి.

ప్రశ్న: మాది లంక ఊరు. కీమో అయిన నాన్నగారి వీడియో కన్సల్టేషన్ మధ్యలోనే తెగిపోతోంది. పడవ దాటి రేవుకి తీసుకెళ్తే గానీ సిగ్నల్ లేదు.
- ఓ పాఠకుడు

వీడియోనే ఉండాలని ఎక్కడా లేదు. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఆడియో కాల్‌నీ, మెసేజ్‌నీ ఒప్పుకుంటాయి. ఏది సరిపోతుందో డాక్టరు నిర్ణయిస్తారు. పాత రోగికి సాధారణ చెకప్ అయితే మామూలు ఫోన్ కాల్ ఇవ్వమని ముందురోజే అడగండి. జ్వరం, దగ్గులాంటి వాటికి విలేజ్ క్లినిక్‌లో ఈ-సంజీవని అనే ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఉంటుంది. అక్కడి సిబ్బందే డాక్టరుతో కలుపుతారు, మీ ఫోన్‌తో పనిలేదు. కీమో అయిన మనిషిని సిగ్నల్ కోసం ఎండలో రేవు దాకా నడిపించకండి.