తాగుడు లేకపోయినా గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ వచ్చింది, సంగటి మానేయాలా?

మందు అలవాటు లేకపోయినా స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ (లివర్‌లో ఓ మోస్తరుగా కొవ్వు చేరడం) వచ్చిందని, ఇంట్లో నూనె దాదాపు మాన్పించారని, సంగటి సంగతే తేలడం లేదని రాశారు. మాది అనంతపురం. నాకూ ఇదే రిపోర్టు వచ్చింది కాబట్టి మీ టెన్షన్ నాకు బాగా తెలుసు.

లివర్‌లో చేరే కొవ్వంతా మనం పోసిన నూనె కాదండీ. అన్నం, సంగటి, చక్కెర ఒంటికి కావాల్సిన దానికన్నా ఎక్కువైతే, ఆ మిగులును లివరే కొవ్వుగా మార్చుకుంటుంది. తాళింపులో నూనె తగ్గించి, గిన్నెడు అన్నం, చక్కెర టీలు అలాగే ఉంచితే పెద్దగా ఫలితం ఉండదు.

సంగటి మానక్కర్లేదు. కానీ మీ ఇంట్లో ఎలా కెలుకుతున్నారో ఒకసారి చూడండి. చాలా ఇళ్లలో పేరుకు రాగి సంగటి, ఎసట్లో పడేది ఎక్కువగా బియ్యమే. నేను బియ్యం ఒక పిడికెడుకు తగ్గించి, మిగతాది రాగిపిండి వేస్తాను. ముద్ద ఒక గుప్పిట్లో పట్టేంతే. దాని పక్కన అలసందల పులుసో, ఆకుకూర పప్పో, మటిక్కాయల (గోరుచిక్కుడు) తాళింపో ముద్దకు రెట్టింపు పెట్టుకుంటాను. కడుపు నిండేది వాటితోనే. రాగులు కదా, ఎంత తిన్నా పర్వాలేదు అనేవాళ్ల మాట మాత్రం వినకండి.

చెనిక్కాయలకు (వేరుశెనగ) భయపడొద్దు. వాటి కొవ్వు ఎక్కువ భాగం మంచిదే, ఉడకబెట్టినవి గుప్పెడు తినండి. అంతకు మించితే కేలరీలు పెరిగిపోతాయి. ఉగ్గానిలో బొరుగులు తగ్గించి ఉల్లిపాయ, టమాటా ఎక్కువ వేయండి. బజ్జీ ఎప్పుడో ఒకసారికి ఉంచుకోండి. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఆ బజ్జీ మానడమే.

చీనీకాయ (బత్తాయి) మన జిల్లా పంట, ఒలుచుకుని తినండి. జ్యూస్ వద్దు, నాలుగైదు కాయల తీపి ఒక్క గ్లాసులో దిగిపోతుంది. కూల్‌డ్రింకులు పూర్తిగా ఆపండి, 300 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. పాలూ చక్కెరా రెండూ వేయని కాఫీ లివర్‌కు మేలే.

బరువు ఎక్కువుంటే అసలు మందు అది తగ్గడమే. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది, 8 కిలోల దాకా తగ్గితే లివర్ వాపు, దాని మీద పడ్డ మచ్చ (లివర్ గట్టిపడటం) కూడా తగ్గే అవకాశం ఉంది. వారానికి అర కిలో, మహా అయితే కిలో. ఉపవాసాలతో ఒక్కసారిగా తగ్గితే లివర్‌కే దెబ్బ. నేను ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో రోజూ వేగంగా నడుస్తూ మెల్లగా తగ్గాను. తర్వాతి స్కానింగ్‌లో గ్రేడ్ 1కి వచ్చింది.

ఇంకో ముఖ్యమైన మాట. స్కానింగ్‌లోని గ్రేడ్ కొవ్వు ఎంతుందో చెబుతుందే గానీ, మచ్చ పడిందో లేదో చెప్పదు. ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బను చూసే రక్తపరీక్ష) నార్మల్‌గా ఉన్నా నిశ్చింతగా ఉండకూడదు. ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే స్కానింగ్) అవసరమా అని డాక్టరును అడగండి. షుగర్, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని కొవ్వు) కూడా చూపించుకోండి. ఎవరో చెప్పారని ఆకు పసర్లు, తిప్పతీగ కషాయాలు దయచేసి తాగొద్దు, తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే ఉన్నాయి. ఇప్పటికే షుగర్ మాత్రలు వేసుకుంటుంటే, అన్నం, సంగటి తగ్గించే ముందే డాక్టరుకు చెప్పండి, డోసు మార్చాల్సి రావచ్చు.