సైకిలు సందేహాలు: పిల్లలతో దూరం

ప్రశ్న: మాది నరసన్నపేట. నేను, మా ఆవిడ, పదమూడేళ్ల బాబు, తొమ్మిదేళ్ల పాప. వేసవి సెలవుల్లో కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా తొక్కాలని ఉంది. అయ్యే పనేనా?

జవాబు: ఒక్క విడతలో కాదు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 3,700 కి.మీ. కుటుంబం వేగమంటే పాప వేగమే. బాగా అలవాటు పడ్డాక కూడా రోజుకు 50 కి.మీ. మించి లెక్క వేయకండి. తొక్కే రోజులే 74. ఆరు రోజులకో విశ్రాంతి కలిపితే మూడు నెలలు. పైగా మే నెలలో నాగపూర్ ఎండలో పిల్లలా? వద్దే వద్దు. ఏటా ఒక ముక్క చొప్పున తొక్కండి. మొదటి ముక్క ఇంటి దారే కానివ్వండి.

సంక్రాంతి సెలవుల్లో భువనేశ్వర్ నుంచి నరసన్నపేటకు రండి. 300 కి.మీ. పైచిలుకు, ఆరేడు రోజుల పని. ఇంటి నుంచి అటు వెళ్లడం కాదు, అటు నుంచి ఇంటికి రావడం! చలికాలంలో మన తీరాన ఈశాన్యపు గాలి. 16వ నంబరు రహదారి కూడా ఇక్కడ ఈశాన్యం నుంచి నైరుతికే దిగుతుంది. మీకు కాస్త బరువనిపించే ఎదురుగాలికి పాప సైకిలు నిలబడిపోతుంది. అదే గాలి వీపున తగిలితే బరంపురం, ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి హాయిగా దాటేస్తారు. పొద్దున్న మంచు విడిచాకే బయల్దేరండి. ముందొకరు, వెనకొకరు పెద్దవాళ్లు ఉండాలి. వెనకవాళ్లు పిల్లలకన్నా మూరెడు కుడికి జరిగి తొక్కితే లారీలు దూరంగా పోతాయి.

భువనేశ్వర్‌కు సైకిళ్లు రైల్లో పార్సిలు వేయాలి. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో బండి ఆగేది కాసేపే, నాలుగు సైకిళ్లు ఎక్కించే తీరిక ఉండదు. విశాఖపట్నంలో వేసి, ఒక రోజు ముందే పంపేయండి. పార్సిలు కోసం పెడళ్లు విప్పేటప్పుడు జాగ్రత్త: ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తెలియక బలం పెడితే మర పాడవుతుంది.

రహదారి అంచున పంక్చర్లకు అసలు దొంగ మేకు కాదు, పేలిన లారీ టైర్లలోంచి రాలిన వెంట్రుకంత ఇనుప తీగ. కంటికి ఆనదు. ట్యూబు మార్చినా అరగంటలో మళ్లీ గాలి పోతుంది. టైరు లోపల దూదితో తుడవండి, తీగ ఉన్నచోట దూది పీచు పట్టుకుంటుంది. దాన్ని లాగడానికి వెంట ఒక చిమటా (చిన్న పట్టకారు) ఉంచుకోండి.

ప్రశ్న: సామాను కట్టి తొక్కితే వెనక చక్రం స్పోకులు తెగుతున్నాయి. బరువు తగ్గించాలా? (బొబ్బిలి)

జవాబు: తగ్గిస్తే మంచిదే, కానీ అసలు కారణం స్పోకులు వదులుగా ఉండడం. వదులు స్పోకు చక్రం తిరిగిన ప్రతిసారీ కాస్త వంగి లేస్తూ, చివరికి హబ్బు (చక్రం నడిమి బొడ్డు) దగ్గరి వంపులో పుటుక్కుమంటుంది. పక్కపక్క స్పోకుల్ని జంటగా పట్టి నొక్కి చూడండి. ఒకే వైపున్నవన్నీ ఒకేలా బిగిసి ఉండాలి. గేర్ల వైపువి మాత్రం ఎడమ వైపుకన్నా బిగువుగానే ఉంటాయి, అది తప్పు కాదు. తెగిన చోట కొత్తది వేసి ఊరుకోకుండా చక్రమంతా బిగించి బెండు తీయించండి. గేర్ల వైపు తెగితే గేర్ల చక్రం ఊడితేనే కొత్తది పడుతుంది. దానికి సరిపోయే పానా దారిలో అన్ని షాపుల్లో ఉండదు, మీదే పట్టుకెళ్లండి. ముందు చక్రానికి, వెనక ఎడమకు, వెనక కుడికి స్పోకుల పొడవులు వేరు. రకానికి రెండేసి ఫ్రేముకు టేపుతో చుట్టేయండి.

ప్రశ్న: పది కిలోమీటర్లకే మా అబ్బాయి మోకాలి చిప్ప నొప్పంటున్నాడు. (రాజాం)

జవాబు: సీటు కిందికి ఉంది. కాళ్లు నేలకు ఆనాలని పెద్దవాళ్లే దించేస్తారు. పెడలు అడుగున ఉండగా దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా చాగాలి. రోజుకు అర సెంటీమీటరు చొప్పున పైకి లేపండి. నొప్పి మోకాలి వెనక్కి మారిందంటే ఎక్కువ లేపినట్టే, కొంచెం దించండి.