ఆడదా మగదా సరే, ట్యాంకు ఎన్ని అడుగులు?

పెద్ద క్యాట్‌ఫిష్‌ల మీద ఏమైనా అడగండి అని పోయిన నెల రాశాం కదా, చాలామంది ఒకటే అడిగారు: మా ఇంట్లో ఉన్నది ఆడదా, మగదా? చెప్తాను. కాకపోతే అన్ని చేపలకీ పనికొచ్చే జవాబు ఒకటి లేదు కాబట్టి ఒక్కో చేపకి ఒక్కో ఉత్తరం తీసుకున్నాను. కొందరికి నా జవాబు నచ్చదు, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నా దగ్గర రెండు రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్‌లు ఉన్నాయండీ. కొని ఏడాదవుతోంది, రెండూ అడుగు దాటాయి. నాలుగడుగుల ట్యాంకు. తోక ముదురు ఎరుపుగా ఉన్నది మగదని, పొట్ట లావుగా ఉన్నది ఆడదని షాపతను చెప్పాడు. జత కుదిరితే పిల్లలు చేయించాలని ఆశ. ఎలా గుర్తుపట్టాలి? రోజూ చికెన్ లివర్ వేస్తున్నాను. (విజయవాడ)

జవాబు: ముందు షాపతను చెప్పింది మర్చిపోండి. తోక రంగుకీ ఆడామగా తేడాకీ సంబంధం లేదు. రంగు తిండిని బట్టి, లైటును బట్టి, అడుగున పరిచిన ఇసుకను బట్టి, ఆఖరికి ఆ పూట చేప బెదిరిందా లేదా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఇక పొట్ట అంటారా, ఇది నోట్లో పట్టిందల్లా మింగే చేప, రాత్రి ఏది ఎక్కువ తిందో పొద్దున మీ కంటికి అదే ఆడది. రెడ్‌టెయిల్‌లో పైకి చూసి నమ్మకంగా చెప్పగల గుర్తు లేదండీ. పూర్తిగా ఎదిగిన ఆడచేప గుడ్లతో ఉన్నప్పుడు కాస్త నిండుగా కనిపించవచ్చు, అది కూడా పక్కన అదే వయసు మగది ఉంటేనే పోల్చుకోగలం. మీవి అడుగు పొడవే కాబట్టి ఆ పోలిక కూడా కుదరదు. అమెజాన్, ఒరినోకో నదుల్లో ఇది నాలుగడుగులు దాటి పెరుగుతుంది, 40 కిలోలు దాటినవి కూడా దొరికాయి. ఆ లెక్కన మీవి ఇంకా పిల్లలే.

మరి ఫారాల వాళ్లకి ఎలా తెలుస్తుంది అంటే, పెద్ద క్యాట్‌ఫిష్‌లకి మత్తు ఇచ్చి, జననరంధ్రంలోంచి సన్నటి గొట్టం పంపి గుడ్లు ఉన్నాయో లేదో తీసి చూస్తారు, లేదా స్కానింగ్ చేస్తారు. ఆగ్నేయాసియా ఫారాల్లో హార్మోన్ ఇంజెక్షన్లతో గుడ్లు పెట్టించి పిల్లల్ని తయారు చేస్తారు, షాపుల్లో అమ్మే వేలెడు పిల్లలు చాలావరకు అలా వచ్చినవే. ఈ పని ఇంట్లో ట్యాంకులో అయ్యేది కాదు, ఇంజెక్షన్ సంపాదించి ప్రయత్నిద్దాం అని మాత్రం అనుకోకండి.

ఇప్పుడు నన్ను అసలు టెన్షన్ పెట్టిన విషయం. నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే ఎత్తు అనుకుంటే మీ ట్యాంకులో పట్టేది 250 లీటర్లు. ఈ చేప సరిగా తింటే రెండేళ్లలో రెండడుగులు అవుతుంది. అప్పుడు ఒకటిన్నర అడుగు వెడల్పులో అది వెనక్కి తిరగలేదు, మలుపు దగ్గర ఒళ్లు వంచి వంచి వెన్ను దెబ్బతింటుంది. ట్యాంకు చిన్నదైతే చేప కూడా చిన్నగానే ఆగిపోతుంది అని చెప్పేవాళ్లు ఉంటారు, ఆగిపోదు, జబ్బు పడుతుంది. పెద్దయ్యాక ఒక్క చేపకే తక్కువలో తక్కువ 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతున్న తొట్టి కావాలి. అంటే 6,000 లీటర్లు. అంటే 6 టన్నులు! మేడ మీద కట్టించుకుంటాను అనుకునేరు, మామూలు ఇంటి శ్లాబును చదరపు మీటరుకు 150, 200 కిలోల అదనపు బరువుకి లెక్కగడతారు, మూడడుగుల నీళ్లు నిలిపితే అదే చదరపు మీటరు మీద 900 కిలోలు పడతాయి. కడితే నేల మీద కట్టండి, ఇంజనీరుని అడిగి కట్టండి. అంత చోటు లేకపోతే రెండింటినీ చోటున్నవాళ్లకి ఇప్పుడే ఇచ్చేయండి. అడుగు పొడవున్న చేపని అడిగేవాళ్లుంటారు, మూడడుగులది ఉచితంగా ఇస్తానన్నా ఎవరూ తీసుకోరు.

ఇచ్చేదాకా ఎలా చూసుకోవాలంటే, లివర్ మానేయండి. రోజూ అదే వేస్తే చేప ఒంట్లో కొవ్వు పేరుకుని దాని కాలేయం దెబ్బతినవచ్చు. మునిగే పెల్లెట్లు, పెంకుతో రొయ్యలు, ముళ్లు తీసిన చేప ముక్కలు మార్చి మార్చి వేయండి. కొన్ని పచ్చి చేపల్లో, రొయ్యల్లో విటమిన్ బి1ని పాడుచేసే ఎంజైము ఉంటుంది, అందుకే రోజూ ఒకటే వేయొద్దు అంటున్నాను. ఈ సైజులో వారానికి మూడుసార్లు చాలు, పెద్దయ్యాక ఒకటి రెండుసార్లు. అది అద్దం దగ్గరికొచ్చి మీసాలు ఊపుతూ అడుగుతూనే ఉంటుంది, కరిగిపోకండి. అడుగున చిన్న గులకరాళ్లుంటే తీసేయండి, వాటినీ మింగుతుంది. హీటరు ఉంటే దానికి గట్టి తొడుగు వేయండి. మూత మీద బరువు పెట్టండి, తోకతో ఒక్క దెబ్బ కొడితే అద్దం మూత లేచిపోతుంది. రెట్ట ఎక్కువ కాబట్టి ఫిల్టరు ట్యాంకు సైజుకి కాకుండా చేప సైజుకి కొనండి, వారానికి సగం దాకా నీళ్లు మార్చండి, కొళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ మర్చిపోవద్దు. నీళ్లకి టెస్ట్ కిట్ పెడితే చేపకి విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. కరెంటు పోతే గాలి ఆడేలా బ్యాటరీ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: మా సక్కర్ ఫిష్ అడుగు పొడవుంది. ఇందులో ఆడామగా తెలుసుకునే దారి ఉందా? రాత్రిళ్లు గోల్డ్‌ఫిష్‌ల ఒంటికి అతుక్కుంటోంది, అవి డల్‌గా ఉంటున్నాయి. (హనుమకొండ)

జవాబు: ఉందండీ. అది ఎదిగిన చేపే కాబట్టి చూస్తే తెలిసే అవకాశం ఉంది. అడుగు వైపున, మలద్వారానికీ దాని వెనకున్న చిన్న రెక్కకీ మధ్య చూడాలి. మగదానికి అక్కడ చిన్న బుడిపె పైకి పొడుచుకొచ్చి, వెనక్కి వాలి ఉంటుంది. ఆడదానికి ఆ చోటు చదునుగా, కాస్త వెడల్పుగా ఉంటుంది. ఇంకో గుర్తు, ఎదిగిన మగదాని ఛాతీ రెక్కల ముందు ముల్లు లావుగా, వేలితో రాస్తే గరుగ్గా తగులుతుంది. ఒక్క చేపని చూసి తేల్చడం కష్టం, రెండు మూడింటిని పక్కపక్కన చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

చూడటానికి బయటికి తీసి తిప్పి పట్టుకోనక్కర్లేదు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో ట్యాంకు నీళ్లు పోసి చేపని అందులోకి తోలండి, అది అడుగుకి అతుక్కోగానే ఇంకొకరు డబ్బా పైకెత్తితే మీరు కింద నుంచి ఫోన్‌తో ఫోటో తీసుకోండి. వలతో మాత్రం పట్టకండి. దాని ముళ్లు వలలో చిక్కుకుంటే మీరు వల కోయాల్సి వస్తుంది.

తెలిశాక ఏం చేస్తారు అనేది వేరే సంగతి. ఈ చేప మట్టి గట్టులో గజం లోతు దాకా బొరియ తవ్వి అందులో గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది, అద్దాల ట్యాంకులో ఆ పని కాదు. పిల్లలు చూడాలనే సరదా ఉంటే బ్రిసిల్‌నోజ్ అని దీని చుట్టం ఒకటి ఉంది, అయిదారు అంగుళాలకి మించదు, మగదాని ముక్కు మీద కొమ్మలు వేసిన మీసాల పొద ఉంటుంది కాబట్టి ఫోటోలూ డబ్బాలూ అక్కర్లేదు, సగం కొబ్బరి చిప్ప బోర్లించి పెడితే అందులోనే గుడ్లు పెట్టి పెంచుకుంటుంది.

ఇక అతుక్కోవడం సంగతి. పాచి తిని బతికేస్తుందిలే అని తిండి వేయట్లేదు, అంతేనా? అడుగు పొడవున్న చేపకి ఆ పాచి ఏ మూలకి. లైటు తీశాక కీరా ముక్కో, బీరకాయ ముక్కో, ఉడికించిన గుమ్మడి ముక్కో ఒక గరిటెకో రాయికో కట్టి వేయండి, మిగిలింది పొద్దున్నే తీసేయండి. కొరుక్కోవడానికి నానిన చెక్క మొద్దు ఒకటి ఉంచండి. అలవాటైన చేప అయితే మళ్లీ అతుక్కుంటుంది, గోల్డ్‌ఫిష్‌లని వేరు చేయడమే మంచిది.

ప్రశ్న: షార్క్‌లని నాలుగు కొన్నాం. ఒకదాని పొట్ట వారంగా ఉబ్బి ఉంది, గర్భమా? దగ్గరికెళ్తే అద్దానికి దబదబా కొట్టుకుంటున్నాయి, మూతులు ఎర్రబడ్డాయి. (ఖమ్మం)

జవాబు: షార్కూ కాదు, గర్భమూ కాదు. మీరు కొన్నది కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో టన్నుల కొద్దీ పెంచే పంగాసియసే, మన చెరువుల వాళ్లు ఫంగస్ అంటారే, అదే. మెకాంగ్, చావో ఫ్రయా నదుల చేప, 1990ల నడుమ బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది. మగది రెండో ఏట, ఆడది మూడో ఏట కిలోల బరువుకొచ్చాక గానీ ఈడుకి రాదు. హేచరీల్లో పొట్ట మెత్తగా ఉండి జననరంధ్రం ఎర్రగా ఉబ్బితే ఆడదని, పొట్ట నొక్కితే పాలలాంటి తెల్లటి వీర్యం వస్తే మగదని తేలుస్తారు. మీ ట్యాంకులో చేప మీద ఈ నొక్కుడు పని పెట్టుకోకండి.

మూడు నాలుగు రోజులు ఏమీ వేయకండి, నీళ్లు మార్చండి. అతిగా తిన్నదైతే తగ్గుతుంది. తగ్గక, చేప పక్కకి ఒరిగిపోతుంటే లోపల నీరు చేరినట్టు అనుమానించాలి. పొలుసుల చేపల్లో అయితే పొలుసులు లేచి మనకి తెలుస్తుంది, దీనికి అవి లేవు. పొలుసుల్లేని చేపలకి మందు ఘాటు ఎక్కువ తగులుతుంది, సీసా మీది మోతాదులో సగంతో మొదలుపెట్టండి, రాగి కలిసిన మందుల జోలికి పోవద్దు.

కొట్టుకోవడం భయం. ఇది గుంపుగా, పొడవాటి నీళ్లలో ఈదే చేప, చూపు కూడా అంతంతమాత్రం. లైటు ఒక్కసారిగా వేయకండి, వెనకా పక్కలా నల్ల కాగితం అంటించండి, పిల్లల్ని అద్దం తట్టొద్దని చెప్పండి. శాశ్వతంగా తగ్గాలంటే చెరువే కావాలి, అందుకే వీటిని ఇంటికి కొనొద్దంటాను.

ప్రశ్న: తెల్ల క్యాట్‌ఫిష్ పిల్లలు అమ్ముతున్నారు. వీటిలో ఆడామగా తేలిగ్గా తెలుస్తుందట, కొనొచ్చా? (నిజామాబాద్)

జవాబు: తేలిగ్గానే తెలుస్తుంది, మగదానికి జననరంధ్రం దగ్గర మొనదేలిన పొడవాటి బుడిపె, ఆడదానికి గుండ్రటిది. మన నాటు మార్పు చేపకీ అంతే. కానీ తెల్లవాటిలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కూడా ఉంటుంది, దాని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. రకం ఏదో తేలకుండా కొనకండి.

ప్రశ్న: పెద్దదైపోయిన సక్కర్ ఫిష్‌ని ఊరి చెరువులో వదిలేద్దామంటే మావారు వద్దంటున్నారు. పట్టుకోబోతే ఆయనకి ముల్లు గుచ్చుకుంది కూడా. (తెనాలి)

జవాబు: మీవారి మాట వినండి. చెరువుల్లో దెయ్యం చేప అని జాలర్లు తిట్టుకునేది దీన్నే. వలలు చింపుతుంది, గట్లు తవ్వుతుంది, మామూలు చేపల మేత తినేస్తుంది. ఇది ఎక్కడెక్కడ చేరిందో చెరువు నీళ్లలోని డీఎన్‌ఏ ఆనవాళ్లతో పట్టే పద్ధతిని హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేయాల్సి వచ్చిందంటే ఎంత పాకిందో చూడండి. తీసుకునేవాళ్లు దొరికేదాకా ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులో ఫిల్టరు పెట్టి ఉంచండి.

ఆయన వేలు సబ్బుతో కడిగి, ముల్లు ముక్క లోపల ఉండిపోయిందేమో చూడండి. చేయి కాలనంత వేడి నీళ్లలో అరగంట పైన ఉంచితే నొప్పి తగ్గవచ్చు, నీళ్ల వేడి ముందు మీరు బాగున్న చేత్తో చూడండి. టీటీ వేయించి చాలాకాలమైతే వేయించండి. వాపు పైకి పాకినా, జ్వరం వచ్చినా, ఆయనకి షుగర్ ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి, అక్వేరియం నీళ్లలో గుచ్చుకున్న ముల్లు అని తప్పకుండా చెప్పండి.