ఓపీ చీటీలో ‘జారిపడ్డాను’ అని ఉంటే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: పలమనేరు దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచరుని. ఏడు వారాల క్రితం 8వ తరగతి అబ్బాయి (13 ఏళ్లు) దగ్గర సెల్‌ఫోన్ తీసుకుంటే నన్ను నెట్టేశాడు. బెంచీ అంచు తగిలి మణికట్టు వాచింది. పరువు పోతుందని ఆస్పత్రిలో ‘మెట్ల మీద జారిపడ్డాను’ అని చెప్పాను. ఇప్పుడు వాళ్ల నాన్న, నేనే కొట్టానని కేసు పెడతానంటున్నాడు. రిజిస్టర్‌లో పాత తేదీతో రాద్దామని హెచ్‌ఎం గారు అంటున్నారు. పక్క క్లాసు సారు ఫోన్‌లో వీడియో ఉంది. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత అవమానం పడలేదు. అబ్బాయికి టీసీ ఇచ్చి పంపేయవచ్చా?

జవాబు: కేసును తేల్చేది మీరు డాక్టరుకు చెప్పిన ‘జారిపడ్డాను’ అన్న మాట. దెబ్బ ఎలా తగిలిందని మొదట చెప్పినదానికే విచారణలో బరువెక్కువ. పరువు కోసం మీ సాక్ష్యాన్ని మీరే చెరిపేసుకున్నారు. ఆ సాయంత్రమే హెచ్‌ఎంకు నాలుగు లైన్లు రాసిచ్చి ఉంటే ఈ రోజు ఆ తండ్రికి ఇంత ధైర్యం వచ్చేది కాదు.

పాత తేదీతో రాయడానికి మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. ముందు వెనక ఎంట్రీలు, సిరా, వరుస సంఖ్య చూస్తే చాలు, బయటపడుతుంది. అప్పుడు భారతీయ న్యాయ సంహిత 228, 229 సెక్షన్ల కింద, తప్పుడు సాక్ష్యం సృష్టించారని మీరిద్దరూ నిందితులవుతారు. ఓపీ చీటీ దిద్దించడమూ అంతే ప్రమాదం.

ఆలస్యంతో దారి మూసుకుపోలేదు. మామూలు గాయానికి (అదే సంహిత 115(2) సెక్షన్) కాలపరిమితి ఏడాది. విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిపై దౌర్జన్యానికి (132) మూడేళ్లు. ఇప్పటిదాకా ఎందుకు ఆగారన్నది నమ్మేలా చెప్పగలగాలి.

ఈ రోజు తేదీతోనే హెచ్‌ఎంకు రిపోర్టు ఇవ్వండి. ఘటన తేదీ, పీరియడ్, ఆలస్యానికి కారణం, ఆస్పత్రిలో అలా ఎందుకు చెప్పారో దాచకుండా రాయండి. ‘రౌడీలా ప్రవర్తించాడు’ అనే మాట దేనికీ పనికిరాదు. ‘కుడి మణికట్టు పట్టుకుని వెనక్కి నెట్టాడు, మూడో బెంచీ అంచు తగిలింది’ లాంటి వాక్యం, నిజంగా జరిగింది అదే అయితే, నిలుస్తుంది. నకలు మీద అందినట్లు సంతకం తీసుకుని, ఒక ప్రతి డీఈఓకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. చూసిన సిబ్బంది ఎవరికి వారు సొంత మాటల్లో రాసి సంతకం చేయాలి. ఒకే డ్రాఫ్టును అందరూ కాపీ చేస్తే విలువ పోతుంది.

వీడియో ఆ సారు ఫోన్‌లోనే, తీసిన ఫైలుగానే ఉండాలి. కోర్టులో దానికి సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఆ ఫైలు ఏ ఫోన్‌లోదో ధ్రువీకరించే పత్రం) కావాలి. టీచర్ల గ్రూపులో ఒక్కసారి ఫార్వర్డ్ అయినా, పిల్లవాడి గుర్తింపు బయటపెట్టినందుకు బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు.

టీసీ ఇచ్చి పంపడం కుదరదు. ఎలిమెంటరీ విద్య (8వ తరగతి) ముగిసేదాకా బడి నుంచి తొలగించడాన్ని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ నిషేధించింది. పోలీసులకు ఫిర్యాదు చేసినా, ఈ వయసు పిల్లవాడిపై ఇలాంటి నేరానికి ఎఫ్‌ఐఆర్ ఉండదు. స్టేషన్‌లోని రోజువారీ జనరల్ డైరీలో రాసి బాలల న్యాయ మండలికి పంపుతారు. మండలి పిల్లవాడికీ తల్లిదండ్రులకీ కౌన్సెలింగ్ ఇప్పించి, మందలించి పంపవచ్చు. మీకు కావలసింది నిజానికి అదే, వాడి చదువు చెడకుండా.

మీరు చెయ్యి చేసుకున్నారా లేదా అన్నది రాయలేదు. ఒక్క దెబ్బ వేసి ఉన్నా మీ వకీలు దగ్గర దాచొద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను నిషేధిస్తుంది, శాఖాపరమైన చర్యకు అది చాలు. ఆ తండ్రి రాజీకి వస్తే మాటల మీద ఒప్పుకోవద్దు. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో, మినిట్స్‌లో రాయించి, అందరి సంతకాలతోనే. అప్పటిదాకా ఆయనతో ఒంటరిగా కలవడం గానీ, ఫోన్‌లో మాట్లాడడం గానీ వద్దు.