అద్దె తగ్గించకండి, అలలు చూపించండి

వేసవి దాటగానే మీ సముద్రతీరపు ఊళ్లో బస గదులు ఖాళీ అవుతున్నాయని, అద్దె సగం చేసినా ఎవరూ రావడం లేదని రాశారు. ఎండ కోసం వచ్చేవారు గది చవకైనంత మాత్రాన వానలో రారండీ. మీకు కావలసింది వేరే అతిథులు. కెనడాలోని టొఫీనో అనే తీరపు ఊరు చలికాలపు తుఫాను అలలనే చూపించి జనాన్ని రప్పిస్తోంది: సముద్రం వైపు పెద్ద కిటికీ, వెచ్చని గది, గుమ్మం దగ్గర అతిథుల కోసం వానకోట్లు, రబ్బరు బూట్లు. పోర్చుగల్‌లోని నజారేకైతే 2011 తర్వాత శీతాకాలపు రాకాసి అలలే పేరు తెచ్చాయి. మీ దగ్గర అంత అల లేదా? వలస పక్షులు దిగే వారాలు చూసుకుని ప్రకటన ఇవ్వండి. అన్నట్టు, భోజనశాలలన్నీ ఒకేసారి మూసేయకుండా వంతులు వేసుకోండి. తడిసి వచ్చిన మనిషికి వేడిగా తినడానికేమీ దొరక్కపోతే మళ్లీ మీ ఊరి ముఖం చూడడు.