గోడ దగ్గర ఫెన్సింగ్: మొదటి స్తంభం ఎక్కడ?

ప్రశ్న: ఇంటి పక్కన ఐదడుగుల ఎత్తు చెక్క ఫెన్సింగ్ వేయిస్తున్నాం. గోడను ఆనుకుని మొదటి స్తంభానికి గుంత తీస్తుంటే అడుగున్నర లోతులో పునాది కాంక్రీటు తగిలింది. ఆ స్తంభం మానేసి అడ్డపట్టీలను గోడకే బోల్టులతో బిగించేద్దామంటున్నాడు మేస్త్రీ. బిగించవచ్చా?

జవాబు: వద్దండి. గాలికి ఫెన్సింగ్ ఊగుతుంది, గోడ ఊగదు. ఆ లాగుడంతా బోల్టు మీద పడుతుంది. ముందు బోల్టు చుట్టూ ప్లాస్టరింగ్ వెంట్రుకవాసి చీలుతుంది. వాన నీళ్లు ఆ చీలికలోంచి దిగి కొన్నాళ్లకు లోపలి గోడ మీద చెమ్మ మరకలుగా కనిపిస్తాయి. గుల్ల బ్లాకుల గోడైతే ఎక్స్‌పాన్షన్ బోల్టు (బిగించేకొద్దీ రంధ్రంలో విచ్చుకునేది) బిగిస్తున్నప్పుడే బ్లాకు పగలొచ్చు.

అలాగని పునాదిని చెక్కనివ్వకండి, ఒక్క అంగుళం కూడా. స్తంభాన్నే జరపండి. గోడకు అడుగు దూరంలో గునపంతో మెల్లగా పొడిచి చూడండి, పునాది అంచు దాటితే అక్కడే గుంత తీయించండి. నీళ్ల పైపు, కరెంటు కేబుల్ ఎటు పోతున్నాయో ముందే తెలుసుకోవాలి. 4 అంగుళాల స్తంభానికి గుంత 12 అంగుళాల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు ఉండాలి. అడుగున 6 అంగుళాల కంకర పరిచి దాని మీద స్తంభం నిలిపి, మిగతాది 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటుతో నింపండి. దానికి సుమారు 12 కిలోల సిమెంటు పడుతుంది. కాంక్రీటు పైభాగం స్తంభం నుంచి బయటికి వాలుగా ఉండాలి, లేకపోతే నీళ్లు స్తంభం మొదలు దగ్గర నిలిచి చెక్క కుళ్లుతుంది. స్తంభం నిటారుగా ఉందో లేదో రెండు వైపులా తూకం గుండుతో చూసుకోండి. మూడు రోజులు ఆగి పట్టీలు కొట్టండి.

గోడకూ స్తంభానికీ మధ్య ఖాళీ దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. స్తంభానికి చిన్న ముక్క అతికించి పలకలు కొడితే ఆరునెలల్లో వంగిపోతుంది. రెండో స్తంభం నుంచి వచ్చే అడ్డపట్టీనే కోయకుండా మొదటి స్తంభం మీదుగా గోడవైపు సాగనివ్వండి. గోడకు 2 అంగుళాల ముందు ఆపేయండి. ఆ సందు ఉంటేనే గోడకు రంగు వేయగలరు, చెదలు ఎక్కుతుంటే మట్టి గొట్టాలు కంటికి కనిపిస్తాయి. పలకల అడుగు కూడా నేలకు 2 అంగుళాలు పైనే ఉండాలి.

ఇక, తవ్వేసిన ఆ పాత గుంతను అలా వదిలేయకండి. మట్టిని 6 అంగుళాల పొరలుగా వేసి, దిమ్మిసతో కొట్టి, పైన గోడ నుంచి బయటికి వాలు ఇవ్వండి. వదులు మట్టితో పూడిస్తే ప్రతి వానకూ నీళ్లు పునాది పక్కనే ఇంకుతాయి.